నీలం టోపీల బేరం

నేను లారీ సీట్లు కుడతాను. సూర్యాపేటలో హైవే పక్కన నా దుకాణం. బడి నన్ను ఏడో తరగతిలో వదిలేసింది. నేను బడిని ఐదులోనే వదిలేశాను కనుక పెద్దగా బాధపడలేదు. అలాంటివాణ్ణి అమెరికావాళ్ల బేస్‌బాల్ గురించి రాస్తున్నానంటే అది నా తెలివి కాదు. నాకు ఆ ఆట నేర్పింది మా మామ. మామకు ఎవరూ నేర్పలేదు. ఒక తెల్లవారుజామున టీవీలో చూశాడు, ఇది పశువుల అంగడి అని తేల్చేశాడు, ఇంట్లో అందరినీ ఒప్పించాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ ఆటకు ఇంకో అర్థం లేదు.

మామ అంటే నా భార్య తండ్రి. ఊరు నడిగూడెం దగ్గర. కోదాడ అంగడిలో ఎడ్ల దలారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చే పని. ఆ బేరం నోటితో జరగదు. చుట్టూ అందరూ చెవులు రిక్కించి ఉంటారు కదా, అందుకని కలిపిన రెండు చేతుల మీద తువ్వాల కప్పుతారు. కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక మాట, రెండు పట్టుకుంటే ఇంకో మాట, కణుపు నొక్కితే కాస్త పెంచమని, గోరుతో గీకితే ఇదే ఆఖరని. పైన ముఖాలు మాత్రం పెళ్లి ఫోటోలో పెళ్లికొడుకు తండ్రి ముఖంలా బిగుసుకొని ఉంటాయి. ఎంతకు కుదిరిందో మూడోవాడికి తెలియదు. మా మామ చెయ్యి పట్టుకుంటే బేరం సగం అయిపోయినట్టేనని కోదాడలో అనుకునేవాళ్లు. నిజానికి ఆ మాట ఎక్కువగా మామే అనుకునేవాడు. కాని ఎవరూ కాదనలేదు.

ఆ చెయ్యి అంగడిలోనే పడిపోయింది.

మిర్యాలగూడ నుంచి వచ్చే దలారి ఒకాయన ఉండేవాడు. మామకు చుట్టం కాదు. అయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. అది పట్టుకొని మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరూ ఆయన్ను మిర్యాలగూడ బావ అనేవాళ్లు. ఆ రోజు ఒక జత కోడెల బేరంలో ఈ ఇద్దరూ తువ్వాల కింద చేతులు కలిపారు. మామ పట్టుకున్నాడు, కాని నొక్కలేదు. బావ గడుసువాడు. ఇదేదో కొత్త ఎత్తు, నన్ను ఉడికిస్తున్నాడు అనుకొని తానూ ముఖం బిగించి నిలబడ్డాడు. ముందు నొక్కినవాడు లోకువ కదా. అలా ఇద్దరూ నిలబడిపోయారు. కాసేపటికి మామ మూతి ఒక పక్కకు జారడం చూసి బావ తువ్వాల లాగి అవతల పారేశాడు. నడి బేరంలో తువ్వాల తీయడం ఆ అంగడిలో ఎవరూ ఎరగరు. అందుకే జనం అప్పటికప్పుడు పరుగెత్తుకొచ్చారు.

సూర్యాపేట దవాఖానలో చూపించి, దగ్గరుంటుందని మా ఇంటికే తెచ్చుకున్నాం. మాట మొదట ముద్దముద్దగా ఉండేది, తర్వాత దారికొచ్చింది. కాలు ఈడుస్తూనైనా నడిచింది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకున్న పరాయి వస్తువులా ఉండిపోయింది. మొదటి కొన్ని నెలల్లో వేళ్లలో కదలిక రావాలి, రాకపోతే ఆశ తక్కువ అని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మామ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

"కాలు పోయినా బాగుండు అల్లుడూ, కూసొని బేరం జేసేటోన్ని" అన్నాడు నాతో ఒకసారి.

"ఎడమ చెయ్యి ఉన్నది కద మామా?"

"ఎడమ చెయ్యి ఎవడు పట్టుకుంటడు? నువ్వు పట్టుకుంటవా? పొద్దున్నే అంగట్ల ఎవడన్న ఎడమ చెయ్యి సాపితే నేనైతే మొకం జూడ."

అది నిజం. ఎడమ చేత్తో బేరమాడితే పశువు నిలవదని అక్కడివాళ్ల పట్టుదల. అంటే మామకు కుడి చెయ్యి రాకపోతే అంగడి లేదు. అంగడి లేకపోతే మామకు ఏమీ లేదు.

చేతికి కసరత్తు చేయించడానికి స్కూటీ మీద ఒక ఫిజియో అమ్మాయి వచ్చేది. ఒక పచ్చ రబ్బరు బంతి ఇచ్చింది. దాని మీద నవ్వుతున్న బొమ్మ. "తాతా, దీన్ని నొక్కాలె. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే లేపాలె. రోజూ చెయ్యాలె" అంది. మామ ఆ బంతిని, బంతి మీది నవ్వును చాలాసేపు చూశాడు.

"బిడ్డా, నన్ను సూసి ఇది కూడ నవ్వుతుంది" అన్నాడు. దాన్ని మంచం కిందికి వదిలేశాడు. మళ్లీ తీయలేదు.

అంగడికి పోయే అలవాటు కొద్దీ ఆయనకు కోడికంటే ముందే మెలకువ వచ్చేది. లేచి ఒకటే దగ్గు, మంచం చప్పుడు. నా భార్య విసిగిపోయి, "నాన్నా, జర టీవీ పెట్టుకో, మమ్ముల పండనీ" అని రిమోట్ ఎడమ చేతిలో పెట్టింది. మా ప్యాకేజీలో తెలుగు ఛానళ్ల మధ్య ఒక ఆటల ఛానల్ ఎలాగో దూరి ఉంది. ఒకరోజు ఇంకా చీకటి విడవకముందే మామ నన్ను కేకేశాడు. ఆయనకేమైందోనని లుంగీ పట్టుకొని పరుగెత్తాను.

"అల్లుడూ, గిటు రా. గా మొకానికి జాలీ కట్టుకొని కూసున్నోన్ని జూడు."

"కీపర్ మామా."

"కీపరు గాదు, దలారి! కాళ్ల నడుమ చెయ్యి దాసి వేళ్లు సూపెడుతుండు, కనబడుతలేదా? గా దూరంల నిలబడ్డోడు తల అడ్డం ఊపిండు. గిట్టదంటుండు. మల్ల సూపెట్టిండు. మల్ల గిట్టదు. ఆ... ఇప్పుడు ఒప్పుకుండు. ఇగ ఇసురుతడు సూడు."

విసిరాడు.

"మరి కట్టె పట్టుకున్నోడెవడు మామా?"

"బేరం చెడగొట్టేటోడు. ప్రతి అంగట్ల ఒకడుంటడు."

నేను నవ్వాను కాని, చూసేకొద్దీ ఆయన చెప్పిందే సరిపోతోంది. కట్టెతో కొట్టినవాడు పరుగెత్తి ఒక మూలకు చేరతాడు. అది పశువును కట్టే గుంజ. అక్కణ్ణుంచి రెండో గుంజ, మూడో గుంజ, చివరికి బయలుదేరిన చోటికే తిరిగి వస్తాడు. అది కొట్టం. కొట్టానికి చేరితేనే లెక్కలోకి వస్తాడు. మధ్యలో ఒకడు ఎవరూ చూడకుండా గుంజ వదిలి పారిపోతే మామ మంచం మీద ఎగిరి కూర్చుని, "పలుపు తెంపుకుండు, పట్టుండ్రి!" అని అరిచేవాడు. పక్కింటివాళ్లు మొదటిరోజు నిజంగానే బర్రె తప్పించుకుందనుకొని కట్టె తీసుకొని వచ్చారు. ఆటగాళ్లు ఏదో నములుతూ ఉమ్మడం మామకు అన్నిటికన్నా నచ్చింది. "నమలకుండ బేరం ఎట్ల సాగుతది?" అనేవాడు.

ఫోన్లో చూసి నేను ఒక సంగతి చెప్పాను. అది ఏడాది చివరి పెద్ద పోటీ. రెండు జట్లు, ఎక్కువలో ఎక్కువ ఏడు ఆటలు, ముందు నాలుగు గెలిచినవాళ్లది కప్పు. ఒక జట్టుకు నీలం టోపీలు, ఇంకో జట్టుకు ఎర్ర టోపీలు. జట్ల పేర్లు ఎంత చెప్పినా మామ నోటికి ఎక్కలేదు. నీలం టోపీల దలారి మోకాళ్ల మీద కూర్చునే తీరు తన తీరులా ఉందని, ఆయన నీలం వైపు చేరాడు.

ఈ కబురు మిర్యాలగూడకు చేరింది. వడ్ల కాలంలో అంగడి పలచబడితే బావ అక్కడ ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు. పొద్దున డ్యూటీ దిగి, గేటు పక్కన టీ తాగుతూ, ఎవరి ఫోన్లోనో ఆట పెట్టించుకొని మామకు ఫోన్ చేసేవాడు. మేము స్పీకర్ పెట్టేవాళ్లం. మామ నీలం అన్నాడు కనుక బావ ఎరుపు. వేరే కారణం లేదు.

మొదటి ఆట ఎర్ర టోపీలు గెలిచాయి.

"బావా, మీ దలారి ముసలోడైండు. వేళ్లు వణుకుతున్నయ్" అన్నాడు బావ. వెనక లారీ హారన్లు, హమాలీల కేకలు.

"వణికేది వేళ్లు గాదు, నీ ఫోను. రేపు జూద్దువు రా."

మర్నాడు నీలం గెలిచింది. ఆ పొద్దంతా మామ ముఖంలో దవాఖాన తర్వాత మొదటిసారి వెలుగు చూశాం. నా భార్య వంటింట్లోకి పిలిచి, "ఆట ఇంక ఎన్ని రోజులుంటది?" అని గుసగుసగా అడిగింది. ఏడాదంతా ఉంటే బాగుండునన్నట్టు అడిగింది.

టీవీలో ఆ బంతిని దగ్గరగా చూపించినప్పుడు నా కళ్లు కుట్టు మీద పడ్డాయి. తెల్ల తోలు, ఎర్ర దారం. రెండే ముక్కలు, ఎనిమిది అంకె ఆకారంలో కత్తిరించి, ఒకదాన్నొకటి కౌగిలించుకున్నట్టు కుట్టారు. మన పనే కదా అనుకున్నాను. దుకాణంలో స్పాంజి ముక్కలకు దారం బిగించి చుట్టి, తెల్ల రెగ్జిన్ కత్తిరించి, దబ్బనంతో ఎర్ర నైలాన్ దారం వేసి కుట్టాను. మొదటిది గుత్తి వంకాయలా వచ్చింది. రెండోది దొర్లింది కాని ఒకే వైపుకు దొర్లింది. మూడోది బంతి అనిపించుకుంది. మామ ఒళ్లో పెట్టాను. నవ్వే బొమ్మ లేదు కనుక పారేయలేదు. ఎడమ చేత్తో తిప్పి తిప్పి, పశువు పండ్లు చూసినట్టు కుట్లన్నీ చూశాడు.

"కుట్టు మంచిగనే ఉన్నది. లారీ సీటు ఇట్ల కుడితే గిరాకీ మల్ల రాడు. చిరగనే చిరగదాయె" అన్నాడు. తర్వాత దాన్ని కుడి చేతి కింద పెట్టుకున్నాడు. వేళ్లు ముడుచుకోలేదు, కాని బంతి అక్కడే ఉంది.

మూడో ఆట నడుస్తుండగా ఫిజియో అమ్మాయి వచ్చింది. మామ టీవీలో దలారి వేళ్లు చూసి ఎడమ చేత్తో అవే వేళ్లు లేపుతున్నాడు. ఒకటి, రెండు, మళ్లీ ఒకటి. ఆమె చెప్పులు విడవడం కూడా మరిచి గుమ్మంలోనే ఆగిపోయింది. నెలరోజులుగా ఆమె బతిమాలి చేయించాలనుకున్న కసరత్తు అదే. ఒక్కో వేలు విడిగా లేపడం.

"తాతా, ఆ చేత్తోటి కాదు. ఈ చేత్తోటి చెప్పు."

"ఈ చెయ్యి పండుకుంది బిడ్డా."

"మరి లేపు. గాయన వేలు సూపించేలోపల నువ్వు సూపించాలె. నువ్వు గెలుస్తవో గాయన గెలుస్తడో జూద్దాం."

మామ ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వు అంగట్ల ఉండాల్సిన దానివి బిడ్డా" అన్నాడు.

ఇక అప్పటి నుంచి ప్రతి బంతికీ ముందు మామ కళ్లు టీవీ మీద, కుడి చెయ్యి తొడ మీద. నుదుట చెమట పట్టేది. చెయ్యి మాత్రం అలాగే ఉండేది. మేము ఆట చూస్తున్నట్టు నటిస్తూ ఆ చేతినే చూసేవాళ్లం. మూడో ఆట నీలం గెలిచింది. నాలుగోది చివరి నిమిషంలో ఎరుపు లాక్కుపోయింది. బావ ఫోన్లో పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు ఆ ఆట ఎప్పుడైనా పెడితే నాకు చూడాలనిపించదు. కూర్చున్నవాడు వేళ్లు చూపించడం మానేశాడు. మణికట్టుకు ఏదో మీటల పెట్టె కట్టుకొని నొక్కుతాడు, విసిరేవాడి టోపీలో మాట వినిపిస్తుందట. అంగడీ అలాగే అయింది. ఎడ్లు తగ్గాయి, ట్రాక్టర్లు పెరిగాయి. ఉన్న కాసిని పశువుల్నీ ఫోన్లో ఫోటో పంపి అమ్ముతున్నారు. మామ ఇవేవీ చూడకుండానే వెళ్లిపోయాడు. చూసి ఉంటే ఆ మీటల పెట్టెను తిట్టే తిట్లు వినడానికైనా నేను పొద్దున్నే లేచేవాణ్ణి.

మామ చేతిలో కదలిక ఐదో ఆటలో వచ్చింది. ఎర్ర టోపీలవాళ్లు రెండు గుంజల మీద నిలబడి ఉన్నారు. నీలం దలారి వేళ్లు చూపించాడు, విసిరేవాడు తల అడ్డంగా ఊపలేదు. ఆ క్షణంలో మామ తొడ మీద చూపుడు వేలు, అప్పుడే పుట్టిన దూడ లేచినట్టు, వణుకుతూ కొంచెం లేచి మళ్లీ పడిపోయింది. నా భార్య చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతిలో పెట్టింది. కాలుతున్నా నేను అలాగే పట్టుకున్నాను.

"లేసిందా?" అన్నాడు మామ, తానే నమ్మలేనట్టు.

"లేసింది నాన్నా."

ఆ ఆట నీలం ఓడింది. మామ పట్టించుకోలేదు. ఫోన్ పట్టుకొని, "బావా, చూపుడేలు లేసింది!" అని అరిచాడు. అవతల లారీల చప్పుడు. బావ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టి, "ఒక్క ఏలుతోటి ఏం బేరం జేస్తవ్ బావా? మేకపిల్లను గూడ కొనలేవు" అన్నాడు.

"ఏడో ఆట దాక పోతది సూడు. గా రోజు నువ్వే రా. చేతిల చెయ్యి పెట్టు. అప్పుడు మాట్లాడు."

"వస్త. కని బావా, నాకు తెల్వంది తెలిసిందని మాత్రం చెప్ప."

"అందుకే నిన్ను రమ్మంటున్న."

ఆ మాట మామ ఎందుకన్నాడో మాకు తెలుసు. మేమంతా వేలు అర అంగుళం కదిలితే అడుగు కదిలిందని చెప్పేవాళ్లం. ఫిజియో అమ్మాయి కూడా చప్పట్లు కొట్టేది. మా మెప్పు మామకు పనికిరాదు. చెయ్యి ఉందో లేదో చెప్పగలిగింది ఆ చెయ్యి పట్టుకొని బేరమాడినవాడే.

ఆరో ఆట నీలం గెలిచి చెరి మూడుతో సమానం చేసింది. ఏడో ఆట రోజు బావ మొదటి బస్సుకే వచ్చాడు. ఒంటి మీద ఇంకా తవుడు వాసన. భుజం మీద తువ్వాల. గడపలోనే నిలబడి, "ఏం బావా, సచ్చినవనుకున్న, టీవీ ముంగట కూసున్నవా?" అన్నాడు. మామ, "నువ్వు బస్సుకు టికెట్ కొట్టించినవా, తప్పించుకొని వచ్చినవా?" అన్నాడు. పడిపోయిన రోజు తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి. బావ గబుక్కున కూర్చొని ఉప్మా బాగుందని పొగడటం మొదలుపెట్టాడు. అప్పటికి ఇంకా ఉప్మా పెట్టలేదు.

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. నీలం ఒకటి ఎక్కువ, ఎరుపు సమానం, మళ్లీ నీలం ఒకటి ఎక్కువ. ఆఖరి వంతుకు వచ్చేసరికి నీలం ఒక్కటంటే ఒక్కటే ముందుంది. ఎర్ర టోపీ వాళ్లు గుంజల మీద. నీలం దలారి వేళ్లు చూపించాడు. విసిరేవాడు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చూపించాడు. మళ్లీ కాదన్నాడు. మామ చెయ్యి చాపాడు, కుడి చెయ్యి, ఎడమ చేత్తో ఎత్తి. బావ ఉప్మా చెయ్యి కడుక్కోకుండా తువ్వాలకు తుడుచుకొని, అదే తువ్వాల ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

తర్వాత టీవీలో ఏమైందో నేనే చూశాను. వాళ్లిద్దరూ చూడలేదు. ముఖాలు బిగించి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. కట్టె తగిలిన చప్పుడు, జనం హోరు. ఎర్ర టోపీలవాడు ఒకడు కొట్టం చేరాడు, వాడి వెనకే ఇంకొకడు. ఎర్ర టోపీలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కుప్పయ్యాయి. మామ కణతల దగ్గర నరం ఉబ్బింది. తువ్వాల కదల్లేదు. బావ తొందరపెట్టలేదు.

చాలాసేపటికి బావ తువ్వాల తీశాడు.

"రెండు తెలిసినయ్ బావా. చూపుడేలు, నడిమేలు. మిగిలినయి తెల్వలే."

"ఉంగరపేలు గూడ నొక్కిన."

"నొక్కినవేమో. నాకు తెల్వలే."

మామ తల దించుకున్నాడు. వంటింట్లోంచి నా భార్య, "ఎవరు గెలిచిండ్రు?" అని అడిగింది. నేను రిమోట్ తీసుకొని సౌండ్ తగ్గించాను. బావ మామ చెయ్యి వదల్లేదు. తువ్వాల లేకుండానే పట్టుకొని, "రెండు వేళ్లు చాలు గని, నిదానం గావాలె. ఇంతకుముందు చిటికెల చెప్పేటోనివి. ఇప్పుడు నాలుగుసార్లు నొక్కి చెప్పాలె. పట్టుకున్నోనికి ఓపిక గావాలె" అన్నాడు.

"గంత ఓపిక ఎవనికుంటది?"

"నాకున్నది గద, ఉప్మా సల్లారేదాక కూసున్న."

ఆ చలికాలం మామను కోదాడ అంగడికి నేనే తీసుకెళ్లాను. మిగిలిన వేళ్లు రాలేదు, తర్వాత కూడా రాలేదు. తెలిసినవాళ్లంతా పలకరించారు కాని బేరానికి చెయ్యి ఇవ్వడానికి జంకారు. మామ ఒక చింత కింద నిలబడి చూశాడు. చివరికి కృష్ణా అవతల నుంచి వచ్చిన ఒక రైతు, ఇవేమీ తెలియనివాడు, ఒక జత ఎడ్ల దగ్గర ఆగి మామ వైపు చెయ్యి చాపాడు. మామ తువ్వాల కప్పే ముందు, అంగడిలో ఎవరూ చెయ్యని పని చేశాడు. పదిమంది వినేలా పైకి చెప్పాడు.

"అయ్యా, నా చెయ్యి దెబ్బతిన్నది. రెండు వేళ్లే పనిజేస్తయ్. నిదానంగ చెప్త. తొందరుంటే వేరేటోన్ని పట్టుకో."

ఆ రైతు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "తొందరేం లేదండీ, బస్సు సాయంత్రానికి గదా" అన్నాడు.

బేరం ఎంతసేపు సాగిందంటే చుట్టూ నిలబడ్డవాళ్లు టీ తాగి, తిరిగొచ్చి, ఇంకా నడుస్తోందా అని నవ్వి, మళ్లీ వెళ్లారు. రైతు ముఖంలో ఒకసారి అయోమయం, ఒకసారి నవ్వు. మామ పెదవులు బిగించి, మెడ నరాలు ఉబ్బించి, ఒక్కో మాటా నొక్కి నొక్కి పంపుతున్నాడు. నాకు అవతలికి పోవాలనిపించింది, పోలేకపోయాను. చివరికి చేతులు విడిపోయాయి. రైతు వంగి ఎడ్ల పలుపు అందుకున్నాడు.

తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. సంతోషం ఆపుకోలేక అడిగాను.

"ఎంతకు కుదిరింది మామా?"

ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు.

"అది అడిగే మాటేనా అల్లుడూ? సీట్లు కుట్టుకో పో" అని, సూర్యాపేట వచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు.